రెండో తాళంచెవి

మా కారు రెండో తాళంచెవి కారు కొన్న తొమ్మిది నెలలకు వచ్చింది. షోరూంలో కొన్నవాళ్లకు రెండూ ఒకేసారి చేతిలో పెడతారు కాబట్టి మీకు ఇది వింతగా ఉండొచ్చు. మాది బ్యాంకు వేలంలో కొన్న కారు. ఎవరో కిస్తీలు కట్టలేకపోతే బ్యాంకు వాళ్లు తీసుకొచ్చి అమ్మిన బండి. మాకు దానితో ఒక్క తాళంచెవే ఇచ్చారు. రెండోది పాత ఓనరు ఇంట్లో ఏ మేకుకో వేలాడుతూ ఉండిపోయింది.

మేముండేది జనగామ. నా పుట్టిల్లు మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది కానీ మా నోట ఎప్పుడూ మానుకోటే. మా వదినను భూపాలపల్లిలో ఇచ్చారు, అన్నయ్యది సింగరేణిలో ఉద్యోగం. ఒకప్పుడు అందరం వరంగల్ జిల్లా వాళ్లమే, అందరి బండ్లకూ ఏపీ 36 నంబరే. 2016లో జిల్లాలు విడగొట్టాక భూపాలపల్లికి టీఎస్ 25, మానుకోటకు 26, జనగామకు 27 వచ్చాయి. నంబర్లయితే వరుసగా ఉన్నాయి కానీ ఊళ్లు అలా లేవు. మానుకోటకు రైలుంది. భూపాలపల్లికి రైలే లేదు. హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పరకాల మీదుగా ఇంకో బస్సు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ బిడ్డను చూసి రావాలంటే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మంచం మీదే.

అందుకే 2023 వేసవిలో నా చిట్టీ డబ్బులు చేతికొచ్చినప్పుడు కారు కొందామని నేనే అన్నాను. మూడున్నర లక్షలు. నెలనెలా ఇంటి ఖర్చులో మిగిల్చి, నాలుగేళ్లు కట్టిన చిట్టీ అది. ఇంట్లో నాదంటూ ఉన్న డబ్బు అదొక్కటే. ఆ డబ్బుకు కొత్త కారు రాదు. సెకండ్ హ్యాండ్‌లో మాకు నచ్చినవన్నీ నాలుగు, నాలుగున్నర చెప్పారు. అప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, బ్యాంకోళ్లు గుంజుకొచ్చిన బండ్లు వేలమేస్తరు. లక్ష తక్కువకే వస్తయ్" అన్నాడు.

అత్తమ్మ విన్నది. "మందిని ఏడిపించి తెచ్చిన బండి మనకెందుకు బిడ్డా? ఉసురు తాకుతది" అన్నది.

మా ఆయన నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. 1998లో నేను ఆరో తరగతి. అప్పుడు వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టి ఎన్ని ఇళ్లు ఆరిపోయాయో ఆ వయసు వాళ్లందరికీ గుర్తుంటుంది. మా ఇల్లు ఆరిపోలేదు, ట్రాక్టరు పోయింది. తెల్లారకముందే ఫైనాన్సోళ్లు నలుగురు వచ్చి స్టార్ట్ చేశారు. ఆ చప్పుడుకే మేం లేచాం. బాపు బయటికి రాలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ మాత్రం వాళ్ల వెంట రోడ్డు దాకా నడిచింది. ఇలా మనుషుల్ని పెట్టి దౌర్జన్యంగా బండ్లు లాక్కోవద్దని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. వసూలు వాళ్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ కూడా చేయకూడదని 2022లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మా బాపుకు అవేవీ అందలేదు.

అయినా కొన్నాను. మన దగ్గరున్న డబ్బు, మన అవసరం ముందు కనిపిస్తాయి కదా.

వరంగల్ బయట యార్డుకు వెళ్లాం. అలాంటి చోటు నేనెప్పుడూ చూడలేదు. ఎండలో వరసగా ఆటోలు, కార్లు, ట్రాలీలు, ఒక హార్వెస్టర్. టైర్లలో గాలి లేదు, అద్దాల మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. దాదాపు ప్రతి బండి వెనకా పిల్లల పేర్లే. అమ్మ దీవెన, నాన్న ఆశీర్వాదం. మాకు చూపించిన కారు తెల్ల వ్యాగన్ఆర్, 2018 మోడల్, టీఎస్ 25. నడిపి చూడనివ్వరు. స్టార్ట్ చేసి చూడొచ్చు, అంతే. బ్యాటరీ చచ్చిపోతే ఇంకో బండి నుంచి వైరు పెట్టి స్టార్ట్ చేశారు. మేం ఐదు వందలిచ్చి జనగామ నుంచి మెకానిక్‌ను తీసుకెళ్లడం ఒక్కటే తెలివైన పని. అతను ఆయిలు వాసన చూశాడు, డిక్కీలో కార్పెట్ ఎత్తి తుప్పు చూశాడు, ఇంజను మంచిదే అన్నాడు. చలాన్లు ఆన్‌లైన్‌లో చూస్తే రెండున్నాయి, అవి మేమే కట్టుకోవాలట. అంతా "ఉన్నది ఉన్నట్టు" అమ్మకం. తర్వాత ఏది పాడైనా అడగడానికి లేదని కాగితం మీదే ఉంది.

పాతిక వేలు ధరావత్తు కట్టి వేలంలో నిలబడ్డాం. 3,12,000కి మా పేరు మీద పడింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, సంతోషంతోనే.

ఇంటికి తెచ్చాక కడిగే పని నాది. సీట్ల కింద బెల్లం ముక్కలు, వాటికి చీమలు. మేడారం బంగారం అని చూడగానే తెలిసింది. చిన్నపిల్ల హెయిర్ క్లిప్పు, నెమలి బొమ్మది. ముందు డ్రాయర్లో ప్లాస్టిక్ కవరులో ఒక ఫైలు. తెరవకూడదు, తెరిచాను. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖాన కాగితాలు. వారానికి రెండు డయాలసిస్‌లు, తేదీలు, బిల్లులు. భూపాలపల్లి నుంచి హనుమకొండకు వారానికి రెండుసార్లు. కారు ఎందుకు కొన్నారో తెలియదు కానీ, చివర్లో ఎందుకు తిరిగిందో తెలిసింది. కిస్తీలు ఎందుకు ఆగాయో కూడా. మూడు నెలలు కట్టకపోతే అప్పు మొండి బాకీ లెక్కలోకి పోతుంది. డయాలసిస్ మూడు వారాలు ఆపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. క్లిప్పును, ఫైలును ఒక సంచిలో వేసి బీరువా మీద పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక కాగితాల కథ. నలభై ఐదు రోజుల్లో ఆర్సీ మీ పేరు మీదికి వస్తుందన్నారు. రాలేదు. మామూలుగా అయితే పాత ఓనరు ఫారం 29, 30 మీద సంతకాలు పెడతాడు, బ్యాంకు ఫారం 35 ఇస్తుంది, పేరు మారిపోతుంది. గుంజుకొచ్చిన బండికి పాత ఓనరు సంతకం ఎక్కడ దొరుకుతుంది? ఆర్సీ కూడా ఆయన దగ్గరే ఉంది. అప్పుడు బ్యాంకు ఫారం 36తో ఆర్టీఏకు దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లు పాత ఓనరుకు ఫారం 37 నోటీసు పంపి, ఆర్సీ తెచ్చివ్వమంటారు. ఆ తర్వాత ముందు బ్యాంకు పేరు మీద కొత్త ఆర్సీ, అక్కడి నుంచి మన పేరు మీదికి. ఇదంతా నాకు వేలానికి ముందు ఎవరైనా చెప్పి ఉంటే, ఆర్సీ బ్యాంకు పేరు మీదికి వచ్చిందా లేదా అన్నది మొదట అడిగేదాన్ని. మీరెవరైనా కొంటే అదే మొదట అడగండి, రంగు తర్వాత చూసుకోవచ్చు.

బ్యాంకులో మా పని చూసే అబ్బాయి ఇద్దరు మారారు. మా ఆయన వెళ్లినప్పుడల్లా వచ్చే వారం. పాత ఇన్సూరెన్సు అయిపోయింది. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పుందని మా తమ్ముడు చదివి చెప్పాడు. అంటే మేం ఎవరినైనా గుద్దితే, ఆ డయాలసిస్ మనిషి కోర్టుకెక్కాలి. నేను తాళంచెవి తీసుకుని పప్పు డబ్బాలో పెట్టాను. ఆర్సీ వచ్చేదాకా కదిలేది లేదన్నాను.

అక్టోబరులో, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, మా అమ్మ మానుకోటలో బావి గట్టు దగ్గర జారిపడింది. తుంటి ఎముక. ఫోన్ వచ్చేసరికి పొద్దున పదకొండు. కారు గుమ్మం ముందుంది, కవరు కప్పుకుని. పాలకుర్తి, తొర్రూరు మీదుగా రెండు గంటల దారి. మా ఆయన డబ్బా వైపు చూశాడు, నేను స్టేషన్‌కు ఆటో మాట్లాడమన్నాను. పండగ రద్దీకి రైల్లో కాలు పెట్టే చోటు లేదు. వరంగల్ దాటేదాకా తలుపు దగ్గర నిలబడి, ఆ కారును, బ్యాంకును, నా చిట్టీని, నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అమ్మకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. అయినా, ఆ రోజు నా మొండితనం సరైందేనా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

2024 జనవరిలో ఆర్సీ వచ్చింది. నంబరు మాత్రం టీఎస్ 25 అలాగే ఉంది. మన జిల్లా 27 కదా అని మా వాడు పేచీ పెట్టాడు కానీ ఒకే రాష్ట్రంలో చేతులు మారితే నంబరు మారదు.

మార్చిలో అత్తమ్మను తీసుకుని మొదటిసారి భూపాలపల్లి వెళ్లాం. నేను సంచి వెంట తీసుకెళ్లాను. ఫైలు మీద అడ్రసుంది. "లొల్లి అయితది, పోవద్దు" అన్నాడు మా ఆయన. కారును వదిన వాళ్లింటి దగ్గరే వదిలి, నేనూ వదినా నడుచుకుంటూ వెళ్లాం. కారుతో వాళ్ల గుమ్మం ముందు దిగే ధైర్యం నాకు లేదు.

తలుపు తీసినామె నా ఈడుదే. సంచిలోంచి ఫైలు తీయగానే ఆమెకు అర్థమైంది. లోపలికి రమ్మన్నది. ఆయన మంచం మీద ఉన్నాడు, చేతికి ఫిస్టులా ఉబ్బు కనిపిస్తోంది. పాప పరుగెత్తుకొచ్చి క్లిప్పు లాక్కుని, "నా నెమలి" అన్నది. ఆమె చాయ్ పెట్టింది. కాసేపు ఎండల గురించి మాట్లాడాం.

తర్వాత ఆమె మెల్లగా, "ఎంతకు పోయింది అక్కా?" అని అడిగింది.

వాళ్లకు ధరే తెలియదు. ఇంకా ఇంత బాకీ ఉందని మాత్రం కాగితం వచ్చిందట. బండి అమ్మగా వచ్చింది అప్పులోంచి తీసేసి, మిగిలింది అడుగుతారు. ఎక్కువొస్తే తిరిగివ్వాలి. అక్కడ కూర్చున్నాకే నాకు తట్టింది. బయట నాలుగు లక్షలు పలికే బండిని మూడు లక్షల పన్నెండు వేలకు కొన్నానని నేను మురిసిపోయిన ఆ ఎనభై ఎనిమిది వేలు ఎక్కడి నుంచి వచ్చాయో. వీళ్ల బాకీలోనే ఉన్నాయి. బాపు ట్రాక్టరు పోయాక కూడా మూడేళ్లు ఎందుకు కిస్తీలు కట్టాడో అమ్మ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

ధర చెప్పాను. ఇంటికి పోయాక అమ్మకం కాగితం జిరాక్స్ పంపుతానన్నాను, అది చూపించి బ్యాంకును పూర్తి లెక్క రాతపూర్వకంగా అడగమన్నాను. అది వాళ్ల హక్కు. పంపాను కూడా. మనకెందుకీ తలనొప్పి అని మా ఆయన విసుక్కున్నాడు. అత్తమ్మే, "పంపనియ్‌రా" అన్నది.

లేవబోతుంటే ఆమె దేవుడి గూట్లో చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. "ఇది మా దగ్గరుంటే ఏం లాభం" అన్నది. నా చేతిలో పెట్టి వెంటనే మొహం తిప్పుకుంది.

మంచం మీది నుంచి ఆయన మొదటిసారి మాట్లాడాడు. "చెల్లె, డ్రైవరు పక్క అద్దం సగం దిగినాక ఆగుతది. ఖరాబు కాలె. అరచెయ్యి పెట్టి కొంచెం లోపలికి ఒత్తితే దిగుతది."

ఆ అద్దానికి మోటారు పోయిందని మెకానిక్ పద్దెనిమిది వందలు చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు పరకాల దాటాక మా ఆయన అరచెయ్యి పెట్టి ఒత్తి చూశాడు. దిగింది.