అగ్నిపర్వతము క్రింద పంటచేలు – మా సిసిలీ యాత్ర



అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము చదువునప్పుడు సురకూసై అను పేరు కంటబడును గాని, మనలో చాలామందిమి అక్కడ ఆగము. పౌలు మాత్రము మెలితే దీవినుండి రోమాకు పోవుచు అక్కడ మూడు దినములు ఆగెను. ఇటలీ దేశపు సిసిలీ దీవిలో తూర్పు తీరమున ఆ పట్టణము నేటికిని ఉన్నది. రోమా చూచిన తరువాత సంఘస్థులము కొందరము కలిసి అక్కడికి వెళ్ళితిమి.

ఆ తీరమున ఎటు తిరిగినను ఎట్నా పర్వతము కనబడును. ఎత్తు 3,300 మీటర్లకు పైబడి యున్నది. శిఖరమున ఎప్పుడును పొగయే. బస్సు మమ్మును సుమారు 1,900 మీటర్ల ఎత్తున దింపెను. 1892లో పర్వతము ప్రక్కనుండి బద్దలై ఏర్పడిన గుంటల అంచున నడిచితిమి. కాలి క్రింద అంతయు నల్లని బూడిద, చిట్టెపురాయి. గడ్డిపోచ కూడ అరుదు. కాని క్రిందికి దిగిన కొలది నారింజ, నిమ్మ, ద్రాక్ష తోటలు! పడమటి వైపున బ్రోంటే అను ఊరు పిస్తా పంటకు పేరుపొందినది. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు మట్టిని చేతిలో నలిపి చూచి, "అయ్యగారూ, ఇది మన రేగడికంటె నల్లగా ఉందండి" అన్నారు. జనులు ఆ కొండను విడిచి ఎందుకు పోరని మేము మరల అడుగలేదు.

1669 మార్చి నెలలో నికొలోసి అను గ్రామము దగ్గర నేల చీలి, కరిగిన రాయి ఏరువలె కటానియా పట్టణము వైపు పారెను. అప్పుడు డియెగో పప్పలార్డో అను కటానియా వాసి కొందరిని వెంటబెట్టుకొని, నీట తడిపిన ఆవు తోళ్ళు కప్పుకొని, ఇనుప గడ్డపారలతో ఆ ప్రవాహపు గట్టును తెగ్గొట్టెను. ప్రవాహము ప్రక్కకు మళ్ళెను. అయితే అది మళ్ళినది పటెర్నో అను ఊరి వైపునకు! ఆ ఊరివారు ఆయుధములతో వచ్చి వీరిని తరిమివేసిరి. గండి పూడిపోయి, లావా తిరిగి కటానియా మీదికే వచ్చెను.

వరద రాత్రి ఏటిగట్టు ఎవరి వైపు తెగవలెనన్న తగాదా మన డెల్టా గ్రామాలవారు ఎరిగినదే. పప్పలార్డో ధైర్యమును మెచ్చుకొంటిమి గాని, పటెర్నో వారిని నిందించుటకు మాకు నోరు రాలేదు. 1992లో జఫెరానా అను ఊరి మీదికి లావా వచ్చినప్పుడు కూడ ప్రభుత్వము ప్రేలుడు మందుతో దారి మళ్ళించెను. ఈసారి మళ్ళించినది జనులు లేని లోయలోనికి. ఆ సంగతి వినగా మా ప్రాణము కుదుటపడెను.

కటానియాలో ఉర్సీనో కోట ఒకప్పుడు సముద్రపుటొడ్డున ఉండెను. 1669లో లావా దాని చుట్టును పారి సముద్రములో పడినందున, నేడు తీరమే దూరముగా జరిగిపోయినది. 24 ఏండ్లకు, 1693 జనవరి 11న, గొప్ప భూకంపము వచ్చి ఆ ప్రాంతపు పట్టణములను నేలకూల్చెను. కటానియావారు ఆ నల్లరాతితోనే తిరిగి కట్టుకొనిరి. వీధి పలకలు నల్లన, గోడలు నల్లన, ప్రధాన కూడలిలోని ఏనుగు బొమ్మ కూడ నల్లనే.

సురకూసైలో పెద్ద దేవాలయము కథోలిక సంఘమువారిది. దాని గోడలలో ఇమిడియున్న లావుపాటి స్తంభములు క్రీ.పూ. 5వ శతాబ్దమున అథేనా దేవతకు కట్టిన గుడివి. 7వ శతాబ్దములో స్తంభముల నడుమ గోడలు కట్టి చర్చిగా మార్చిరి. పౌలు ఓడ దిగిననాడు అది ఇంకను విగ్రహాలయమే. ఒక స్తంభముపై చెయ్యి వేసి కొంతసేపు నిలిచితిమి. ఆ మూడు దినములు పౌలు ఎవరిని కలిసెనో లూకా వ్రాయలేదు.

పౌలు అక్కడనుండి రేగియుకు పోయెను. మేమును అటే బయలుదేరితిమి. మెస్సీనాలో మేమెక్కిన రైలును ముక్కలుగా విడదీసి, పట్టాలమీదుగానే ఓడ కడుపులోనికి ఎక్కించిరి. మాలోని పిల్లలు ఎట్నాను మరచి ఆ వింత చూచుటకు పరుగెత్తిరి.