వేపచెట్టు గీత

మా తమ్ముడు బెంగుళూరులో స్థిరపడ్డాక నన్ను పట్టుబట్టి పిలిచేది రెండే సందర్భాల్లో. ఇంట్లో వ్రతం ఉంటే, వాడి కొడుక్కి రేసుంటే. వ్రతానికి ఏదో వంక చెప్పొచ్చు గానీ రేసుకి కుదరదు. "ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడొస్తావక్కా?" అంటాడు, వాడేదో చంద్రమండలానికి పోతున్నట్టు. సరే, అనంతపురంలో బస్సెక్కాను.

పిల్లల రేసు గో-కార్టులతో. స్ప్రింగుల్లేవు, తలుపుల్లేవు, పైకప్పు లేదు. ఇనుప గొట్టాల చట్రం, నాలుగు బుల్లి చక్రాలు, ఓ ఇంజను. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డికోత యంత్రం ఇంజను బిగించి మొదటిది చేశాడట. చూడగానే, "ఓస్, మన బేరింగుల బండే కదరా!" అన్నాను. తమ్ముడి మొహం ముడుచుకుంది. పాపం, దాని ఖరీదు వాడికి తెలుసు.

మా చిన్నతనంలో లారీ షెడ్లలో పారేసిన బేరింగులు మూడు దొరికితే చాలు, ఓ చెక్క, ముందు అడ్డకర్ర, తాడు, బండి సిద్ధం. బేరింగులకి శనక్కాయ నూనె. మా జిల్లాలో వానకి కరువుగానీ ఆ నూనెకి కాదు, అమ్మ చూడనంతవరకూ. చెరువులో నీళ్ళుంటేగా ఎవరైనా చూడ్డానికొచ్చేది! అందుకని కట్ట మీంచి దిగే తారురోడ్డు మాదే. ఒకరు కూర్చోవాలి, ఒకరు తొయ్యాలి. వేపచెట్టు దగ్గర గీసిన గీత రాగానే తోసేవాళ్ళు చేతులు వదిలెయ్యాలి. ఉన్న చట్టం అదొక్కటే. చూసే పెద్దమనిషెవరూ లేడు.

ఓ వేసవిలో తమ్ముణ్ణి తోస్తూ నేను గీత దగ్గర వదల్లేదు. గెలిచాం. పందెం ఐదు గోలీలు. పక్కబండి తోసినవాడు, మాకు ఆ బేరింగులిచ్చిన షెడ్డు కుర్రాడే. చూశాడు. ఏమీ అనలేదు. చేతులు లాగుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వాలుకి రాలేదు.

ఇక్కడ మాత్రం చూసేవాళ్ళకి తక్కువ లేదు. కార్టు ముందు ప్లాస్టిక్ బంపరొకటి ఉంటుంది. దాన్ని కావాలనే గట్టిగా బిగించరు. ముందు బండిని గుద్దితే లోపలికి జారిపోతుంది. రేసయ్యాక అధికారి వంగి చూసి, జారి ఉంటే ఐదు సెకన్లు కలుపుతాడు. పెద్ద పెద్ద అంతర్జాతీయ పోటీల్లో వచ్చిన ఏర్పాటట. సాక్ష్యం చెప్పే బంపరన్నమాట!

మావాడు మొదట వచ్చాడు. బంపరు సాక్ష్యం చెప్పింది. మూడో స్థానం.

తమ్ముడు కన్నడంలో వాదించాడు, ఇంగ్లీషులో వాదించాడు, కోపం ముదిరాక తెలుగులోకి దిగాడు. "షూమాకర్ గుద్దలేదా?" అన్నాడు. పన్నెండేళ్ళ నా మేనల్లుడు హెల్మెట్ చేత్తో పట్టుకుని నెమ్మదిగా, "1997లో గుద్దినందుకే కదా నాన్నా, ఆ సంవత్సరం లెక్కలో లేకుండా తీసేసినారు! ఆఖరి మలుపులో నేనే గుద్దినా. ఆ అబ్బాయి గడ్డిలోకి పోయినాడు" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. కప్పు పోయినందుకో, గుద్దినందుకో నేనడగలేదు.

ఇంటికి వస్తూ కారులో ఎవరూ మాట్లాడకపోతే, నవలలు రాసేదాన్ని కదా, ఊరుకోలేక స్టిర్లింగ్ మాస్ సంగతెత్తాను. 1958లో పోర్చుగల్ రేసు గెలిచింది మాసే. రెండోస్థానంలో వచ్చిన హాథార్న్ బండిని ఎదురు దిశలో నడిపాడని తీసెయ్యబోతే, మాస్ తనే వెళ్ళి, అతను నడిపింది ట్రాక్ మీద కాదు, పక్కనున్న కాలిబాట మీదని చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. ఆ ఏడాది అతను 42 పాయింట్లతో ప్రపంచ ఛాంపియనయ్యాడు. మాస్‌కి 41.

"ఒక్క పాయింటా!" అని వెనకసీటులో వాడు లేచి కూర్చున్నాడు. కాసేపాగి, "నువ్వెప్పుడైనా అట్లా చెప్పినావా అత్తా?" అన్నాడు.

కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి ఫ్లైఓవరు స్తంభాలు తప్ప ఏమీ లేవు. చివరికి వేపచెట్టు సంగతి చెప్పాను.

"గీత దాటినాక ఎన్ని అడుగులు తోసినావు?"

"రెండు" అన్నాను.

"నాలుగు. చేతులు నా వీపు మీద కదా ఉండింది!" అన్నాడు తమ్ముడు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.