గేదె రాకముందు

గుడివాడ నుండి పెడన మీదుగా బందరు, అక్కడినుండి చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వద్ద దివిసీమలో అడుగుపెట్టే దారి ఒక్క పూట ప్రయాణమే. సంఘ కుటుంబాలను దర్శించే పనిమీద ఈ దారిన తరచుగా వెళ్తుంటాను. మొదటిసారి గేదెను కొనాలనుకునే కుటుంబానికి ఈ దారే మంచి పాఠశాల. పిల్లల చదువుకు, ఇంటి ఖర్చుకు ఆధారమవుతుందని అప్పుచేసి గేదెను కొంటారు. మేత, నీరు, నిలువనీడ చూడకుండా తెచ్చినట్లయితే ఆరు నెలల్లో పాలు తగ్గిపోతాయి, వడ్డీ మాత్రం తగ్గదు.

గుడివాడ చుట్టుపక్కల వరి చేలు చూస్తే మేతకు కొరత ఏముందనిపిస్తుంది. అయితే కోత యంత్రాలు వచ్చాక గడ్డి చేలోనే చెల్లాచెదరై, వాన పడితే కుళ్లిపోతున్నది. వరి చేలు చేపల చెరువులైన చోట గడ్డీ లేదు, మేపుకొనే గట్లూ లేవు. ఒక గేదెకు రోజుకు 7 కిలోల ఎండుగడ్డి అనుకున్నా, ఏడాదికి రెండున్నర టన్నులు కావాలి. గనుక గేదెకంటే ముందు గడ్డివామి పడాలి. పెద్దలు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు. కోత తరువాత ఆ తడితోనే పచ్చిమేత ఎదిగేది. ఆ అలవాటు మానకూడదు. ఉట్టి ఎండుగడ్డితో పాలు రావు. పచ్చిమేత, తౌడు, తెలకపిండి కలిసిన కుడితి కూడా ఉండాలి.

బందరు దగ్గరపడేకొద్దీ ప్రశ్న మారుతుంది. ఇక్కడ గడ్డి కంటే ముందు నీళ్లు చూసుకోవాలి. సముద్రం దగ్గర గనుక చాలా ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. పాలిచ్చే గేదెకు రోజుకు 50 లీటర్లకు తక్కువ కాకుండా మంచినీరు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో ఆ నీరు ఎక్కడనుండి వస్తుందో ఇంటివారు ముందే మాట్లాడుకోవాలి. దూరంనుండి మోయవలసి వస్తే ఆ బరువు సాధారణంగా ఇంటి ఇల్లాలి మీదే పడుతుంది. ఆమెను అడగకుండా గేదెను తోలుకొని రావడం న్యాయం కాదు.

దివిసీమలో మూడవ పాఠం. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. పశువులకైతే లెక్కే లేదు. కట్టుకొయ్యకు బిగించి ఉన్న పశువు నీరు పెరిగినప్పుడు ఈదలేదు. గనుక పలుపుతాడు ఒక్క లాగుకు ఊడివచ్చేలా కట్టడం ఇంట్లో పిల్లలకు సైతం నేర్పాలి. తుఫాను హెచ్చరిక వినగానే గేదెను ఏ మెరకకు తోలాలో ముందే అనుకోవాలి. ఆఖరు గడియలో మాత్రం తాడు విప్పి వదిలి, మనుషులు తుఫాను షెల్టరుకు చేరాలి. గేదె కోసం ఎవరూ వెనక్కి పోకూడదు.

చావిడి ఎక్కడైనా పద్ధతి ఒకటే. నల్లమట్టి నేల వానకు బురదవుతుంది గనుక ముందు మెరక తోలించాలి. ఒక గేదెకు 40 చదరపు అడుగులు, వెనుకకు కొద్దిగా వాలు, మూత్రం పోయే చిన్న కాలువ, పెంటకుప్ప బావికీ వంటింటికీ దూరంగా ఉండాలి. కాలువ గట్ల నత్తల ద్వారా కార్జపు జలగ సోకుతుంది, నట్టల మందు మరువరాదు. గొంతువాపు టీకా తొలకరికి ముందే వేయించాలి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు. కొనేటప్పుడు అమ్మేవాని మాట మీదనే ఆధారపడక, రెండు పూటలా దగ్గర నిలబడి పాలు పితికించి చూడాలి.

నోవహు మొదట ఓడను కట్టాడు, ఆహారం సమకూర్చాడు, ఆ తరువాతనే జంతువులను లోపలికి చేర్చాడు. ఆ వరుసలో మనకొక బుద్ధి ఉంది. ఈ ఏడు గడ్డి, నీరు, మెరక సమకూరకపోతే, గేదెను వచ్చే ఏటికి వాయిదా వేసుకొన్న ఇల్లు నష్టపోదు. ఆ నోరులేని జీవం మన గుమ్మంలోకి వచ్చిన రోజునుండి దాని ఆకలిదప్పులకు మనమే బాధ్యులం.