గది మారిస్తే ఊరుకోవాలా?



మీలో చాలామంది ఏదో ఒక డిసెంబరు సెలవుల్లో ఆంధ్రదేశం చూసి రావాలని డబ్బు కూడబెడుతూ ఉంటారు. అందుకే పోయిన డిసెంబరులో విశాఖపట్నంలో మాకు జరిగిన సంగతి మీకు చెప్పాలనిపించింది. మీరు వెళ్లే ముందు ఇది చదివితే మీకు పనికొస్తుంది.

మా అమ్మకు డెబ్బై తొమ్మిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. డర్బన్ దాటి ఎక్కువ దూరం వెళ్లలేదు. మా ముత్తాత పేరు ఓడల జాబితాలో ఉంది. ఆ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసి ఉంటాయి. ఆయన పేరు పక్కన జిల్లా విశాఖపట్నం అని ఉంది. ఓడ ఎక్కింది మద్రాసు రేవులో. అమ్మ కోరిక ఒక్కటే: "ఆ వైపు సముద్రం నేనూ ఒకసారి చూడాలే." తెల్లవారుజామున కిటికీ దగ్గర కూర్చుని చూడాలట. నడిచి వెళ్లే ఓపిక ఆమెకు లేదు.

అందుకని డర్బన్‌లో ఒక ట్రావెల్ ఏజెంటుతో మాట్లాడి, బీచ్ రోడ్డులో రామకృష్ణ బీచ్‌కి ఎదురుగా ఉన్న హోటల్లో ఆరు రాత్రులకు గది తీసుకున్నాను. ఈమెయిల్లో రెండు మాటలు స్పష్టంగా రాశాను: లిఫ్ట్ ఉండాలి, గది సముద్రం వైపు ఉండాలి. నాలుగు నెలల ముందే డబ్బంతా కట్టేశాను.

విశాఖ విమానాశ్రయంలో దిగాం. మా కోసం వచ్చిన డ్రైవరు చేతిలో కాగితం చూశాను. మా పేర్లు సరిగానే ఉన్నాయి. హోటల్ పేరు వేరు. "మేడమ్, నాకు ఇదే ఇచ్చారు" అన్నాడు పాపం. ఆ హోటల్ ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఉంది. బీచ్‌కి మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. మా గది రెండో అంతస్తులో ఇచ్చారు. లిఫ్ట్ లేదు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అమ్మ మెట్లు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పైకి వచ్చాక మంచం మీద కూర్చుని, "పోనీలే అమ్మా, గొడవ పెట్టకు" అంది.

ఈ మాట మన ఇళ్లలో మీరూ విని ఉంటారు. "పోనీలే" మంచి మాటే. కానీ అన్ని చోట్లా కాదు.

ఆ రాత్రే నేను నాలుగు పనులు చేశాను. ఒకటి, గది, మెట్లు, కిటికీ ఫోటోలు తీశాను. రెండు, ఏజెంటుకు వెంటనే ఈమెయిల్ రాశాను: "ఈ గదికి నేను ఒప్పుకోలేదు. వేరే దారి లేక ఇక్కడ ఉంటున్నాను. నేను అడిగిన గది ఇవ్వండి, లేకపోతే డబ్బు వాపసు ఇవ్వండి." మూడు, బీచ్ రోడ్డు హోటల్‌కి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి మర్యాదగా చెప్పింది: చెప్పిన తేదీలోపు ఏజెంటు డబ్బు పంపలేదు, అందుకే మూడు వారాల క్రితమే గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఆ సంగతి ఈమెయిల్లో రాసి పంపమని అడిగాను. పంపింది. నాలుగు, ఆ రోజు నుంచి ప్రతి ఆటో ఖర్చూ తేదీ వేసి ఒక పుస్తకంలో రాశాను.

మర్నాడు ఏజెంటు జవాబు వచ్చింది. "హోటల్ నిండిపోయింది. సమానమైన హోటల్ ఇచ్చాం. మా షరతుల్లో 'లేదా సమానమైనది' అని ఉంది" అని.

ఇక్కడ మన దేశపు చట్టం ఏమంటుందో చూడండి. కన్స్యూమర్ ప్రొటెక్షన్ యాక్ట్ అంటే వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2008లో వచ్చిన 68వ నంబరు చట్టం. 2011 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. అందులో 47వ సెక్షన్ ఇలాంటి సంగతి గురించే. ఫలానా రోజుకు ఇస్తామని బుకింగ్ తీసుకుని, ఆ రోజున చోటు లేదని ఇవ్వకపోతే, కట్టిన డబ్బు వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. దానివల్ల మనకు నేరుగా అయిన ఖర్చు కూడా ఇవ్వాలి.

రెండు మినహాయింపులు ఉన్నాయి. అవి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఏజెంటు వాటినే చెబుతాడు. మొదటిది: వాళ్ల చేతిలో లేని కారణం వల్ల ఇవ్వలేకపోయి, ఆ సంగతి వీలైనంత త్వరగా మనకు చెప్పడానికి ప్రయత్నించి ఉంటే వాళ్లు అదనపు ఖర్చు ఇవ్వక్కర్లేదు. 2014 అక్టోబరులో విశాఖను హుద్‌హుద్ తుపాను కొట్టింది. అలాంటిది వస్తే ఏజెంటును తప్పు పట్టలేం. డబ్బు సమయానికి పంపకపోవడం తుపాను కాదు. రెండోది: దానికి సాటి వచ్చేది వేరే ఇస్తామని వాళ్లు చెప్పి, మనం ఒప్పుకుని తీసుకున్నా, సరైన కారణం లేకుండా వద్దన్నా, మన ఫిర్యాదు నిలబడదు. అందుకే "నేను ఒప్పుకోలేదు" అని అదే రోజు రాయడం ముఖ్యం.

మరి "సమానమైనది" అంటే ఏమిటి? రెండు హోటళ్లకూ మూడు నక్షత్రాలు ఉంటే చాలదు. లిఫ్ట్, సముద్రం అని నేను రాసి అడిగాను కాబట్టి, ఆ రెండూ లేని గది నాకు సమానమైనది కాదు. మీకు ఏది ముఖ్యమో బుకింగ్‌లో మీ మాటల్లో రాయించండి. నోటిమాట గాలికి పోతుంది.

ఇదంతా జరుగుతున్నా మేం ఊరు చూడటం మానలేదు. రోజూ తెల్లవారకముందే అమ్మను మెల్లగా కిందికి దించి, ఆటోలో బీచ్‌కి తీసుకెళ్లేదాన్ని. మొదటి రోజు ఆటో అబ్బాయి అడిగాడు, "ఏటమ్మా, ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అమ్మ గబుక్కున, "ఏటి లేదు బాబూ, సముద్రం చూడాలి" అంది. అతను వెనక్కి తిరిగి చూశాడు. "మీది మావైపేటి?" అన్నాడు.

నేను సిగ్గుపడ్డాను. చిన్నప్పుడు గుడి తరగతిలో "ఏమిటి" అని నేర్చుకుని వచ్చి, ఇంట్లో "ఏటి" అన్న అమ్మను తప్పు దిద్దేదాన్ని. అది తప్పు కాదు. అది ఆ నేల మాట. నూరేళ్లు దాటినా మా ఇంట్లో ఉండిపోయింది.

బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. సూర్యుడు నీళ్లలోంచి పైకి వచ్చాడు. డర్బన్‌లోనూ అలాగే వస్తాడు, రెండు ఊళ్లూ తూర్పు సముద్రం మీదే ఉన్నాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకి కాగితం చదివి వినిపించారో లేదో" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మన పెద్దలు గిరిమిట్ మీద వేలిముద్ర వేశారు. ఐదేళ్ల పని, ఇంత జీతం అని అందులో ఉంది. చెప్పింది ఒకటి, దొరికింది ఒకటి. అయినా వాళ్లందరూ "పోనీలే" అనలేదు. 1871లో నాటాల్ నుంచి మద్రాసు తిరిగి వెళ్లినవాళ్లు అక్కడి అధికారులకు తమ బాధలు చెప్పుకున్నారు. ఆ సంగతి తేలేదాకా ఇండియా ప్రభుత్వం ఓడలు వెళ్లనివ్వలేదు. 1872లో విచారణ కమిషన్ కూర్చుంది. 1874లో గానీ మళ్లీ ఓడలు కదల్లేదు. చదువు రానివాళ్లు నోరు విప్పితేనే అంత జరిగింది. మనకు చదువు వచ్చు.

ఇంటికి వచ్చాక ఏజెంటుకు ఉత్తరం రాశాను. కాగితాలన్నీ జత చేశాను. పద్నాలుగు రోజులు గడువు ఇచ్చాను. ముందు వాళ్లు, తర్వాతి ప్రయాణానికి వోచరు ఇస్తామన్నారు. వద్దన్నాను. గడువులోపు డబ్బు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తానని రాశాను. ఆ కోర్టులో లాయరు పని లేదు. మన మాట మనమే చెప్పుకోవచ్చు. 2019 నుంచి ఇరవై వేల రాండ్ల వరకు అక్కడ అడగవచ్చు. నేషనల్ కన్స్యూమర్ కమిషన్‌కి కూడా ఫిర్యాదు పంపవచ్చు. మీరు ఇండియాలోని ఏజెంటు దగ్గర బుక్ చేసుకుంటే, అక్కడి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

పన్నెండో రోజున డబ్బు వచ్చింది. రెండు గదుల ధరల మధ్య తేడా, ఆటో ఖర్చులు ఇచ్చారు. వడ్డీ ఇవ్వలేదు, క్షమాపణా చెప్పలేదు. మొత్తం డబ్బు అడగాల్సిందని మా తమ్ముడు ఇప్పటికీ అంటాడు. ఆరు రాత్రులు ఆ గదిలోనే పడుకున్నాం కాబట్టి తేడా అడగడమే న్యాయమని నాకు అనిపించింది. మీకు వేరేలా అనిపించవచ్చు.

కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూసే ఆ ఉదయాలు మాత్రం ఏ చట్టమూ అమ్మకు తిరిగి ఇవ్వలేదు. అందుకే చివరగా ఒక్క మాట. బయలుదేరే వారం ముందు మీరే హోటల్‌కి ఫోన్ చేయండి. మీ పేరు, తేదీలు, గది చెప్పి ఖాయమా అని అడగండి. తెలుగులోనే అడగండి. తప్పులు వచ్చినా పరవాలేదు. మీరు "ఏటి" అన్నా అక్కడివాళ్లకు అర్థమవుతుంది.