టెంక ముడి

మామిడి తోటలో రాత్రి పడుకోవడమంటే మా ఇంట్లో సరదా కాదు, పని. పిందె నిలిచి కాయ కాస్త బరువెక్కిన దగ్గర్నుంచి ఆఖరి కోత దాకా మా మామయ్య పడక తోటలోనే. పెళ్ళో, జ్వరమో వస్తే తప్ప ఇంటి కప్పు కింద పడుకోడు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే వైపు తోట. సొంతం కాదు, గుత్తకు తీసుకున్నది. చిన్నరసాలు ఎక్కువ, తర్వాత బంగినపల్లి, చివర రెండు సాళ్ళు కలెక్టరు కాయ. పది మీటర్ల ఎడంలో వేసిన పాతకాలపు తోట, అంటే ఎకరానికి 40 చెట్లు. పెట్టిన డబ్బంతా కొమ్మలకు వేలాడుతుంటే ఇంట్లో ఎలా నిద్రపడుతుంది? పగలు కోతులు, రాత్రి గబ్బిలాలు, వీటికి తోడు దొంగల భయం.

చిన్నప్పుడు ఎన్నోసార్లు ఆయన పక్కన పడుకున్నాను గానీ, ఆయన చేసే ఏర్పాటును కళ్ళు తెరిచి చూసింది మాత్రం కొన్నేళ్ళ కిందటే. కొండలెక్కే స్నేహితులు దొరికారు, వాళ్ళతో పాటు నేనూ ఒక డేరా కొనుక్కున్నాను. దాన్ని ఒకసారి వేసి చూద్దామని ఏప్రిల్ చివర్లో తోటకు పట్టుకెళ్ళాను. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత బరువుంటుంది అల్లుడూ?" అన్నాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే. ధర అడగలేదు.

కాయలు తూచే కాటా అక్కడే ఉంది. డేరా పెట్టాం. కమ్మీలు, మేకులతో కలిపి 3 కిలోల 200 గ్రాములు. పక్కనే ఆయన మూట ఉంటే అదీ పెట్టమన్నాను. మొత్తం పడక, వంట, వెలుతురు, పనిముట్లు అన్నీ కలిపి 3 కిలోల 450. నమ్మకం కలక్క విప్పించి ఒక్కొక్కటీ తూచాను. 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్న నీలం బరకం 1 కిలో 200. దోమతెర 350. ఖాళీ యూరియా బస్తాలు రెండు కలిపి పావుకిలో. పల్చటి దుప్పటి, మూతతో సహా ఒక సత్తు గిన్నె, కొడవలి, బ్యాటరీ లైటు, తాడు, పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు బద్దలు. అంతే.

"మరి గుంజలేవి మామయ్యా?"

చెట్టుకు చేరవేసిన చిక్కం గడ చూపించాడు. పగలంతా కాయలు కోసిన వెదురు గడే రాత్రికి వెన్నుగడ అవుతుంది. చిక్కాన్ని విప్పి పక్కన పెట్టి, రెండు పంగలకర్రలు పాతి, వాటి మీద గడను వేసి, దాని మీదుగా బరకం పరుస్తాడు. పంగలకర్రలు తోటలోనివే, ఆ చోటునే ఉంటాయి. ఆయన ఎప్పుడూ చెట్టు కింద వేయడు, సాళ్ళ మధ్య ఖాళీలో వేస్తాడు. గాలికి ఎండుకొమ్మ విరిగిపడితే బరకం ఆపలేదు.

అప్పుడు చూశాను ఆ ముడిని. బరకం కొత్తగా ఉన్నప్పుడు అంచుల్లో రింగులుంటాయి. ఒకటి రెండు గాలివానలకు అవి ఊడి, ఆ కన్నం దగ్గరే పట్టా చీలుతుంది. ఆయన బరకానికి నాలుగు మూలల్లో ఒక్క రింగూ లేదు. జేబులోంచి ఎండిన చిన్నరసం టెంక తీశాడు. దాన్ని మూలకు జానెడు లోపలగా పట్టా అడుగున పెట్టి, పైనుంచి పట్టాను పిడికిట్లో బిగించి, టెంక కింద మెడలా ఏర్పడ్డ చోట తాడు రెండు చుట్లు తిప్పి ముడేశాడు. నన్ను లాగమన్నాడు. రెండు చేతులతో లాగాను, జరగలేదు. కన్నానికి తాడు కడితే బలమంతా ఆ కన్నం అంచు మీదే పడుతుంది. ఇక్కడ పట్టా మడతలన్నీ కలిసి ఆ బలాన్ని పంచుకుంటాయి. రాయి కూడా పనికొస్తుంది గానీ దాని మొన పట్టాను కోస్తుందట. బంగినపల్లి టెంక నున్నగా ఉంటుంది, జారుతుంది. రసం టెంకకు పీచు ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. రెండు రోజులు ఎండబెడితే చాలు. ఏ కొట్లోనూ అమ్మని వస్తువు అది, ఆ తోటలో కాలికి తగులుతూనే ఉంటుంది.

తాడుకూ మేకుకూ మధ్య రబ్బరు బద్ద కడతాడు. గాలి కొట్టినప్పుడు అది సాగి, మళ్ళీ లోపలికి లాక్కుంటుంది, పట్టాకు దెబ్బ తగలదు. పుల్లలు తడిసిన రోజు ఆ రబ్బరు ముక్కే పొయ్యి రాజేస్తుంది. బస్తాల సంగతీ అంతే. మూతి కుట్టుకు సరైన కొస పట్టుకుంటే దారమంతా ఒక్క లాగులో ఊడివస్తుంది. తప్పు కొస పట్టుకుంటే కత్తెర కావాల్సిందే. ఆ దారాన్ని చుట్టి దాచుకుంటాడు, చిక్కం తెగినప్పుడు దాంతోనే అల్లుతాడు. బస్తాల్లో వరిగడ్డి కూరి పరుపు చేసుకుంటాడు. తెల్లారాక గడ్డిని దులిపేస్తే మళ్ళీ పావుకిలో. కిందపడిన మామిడాకు మెత్తగానే ఉంటుంది గానీ అందులో తేళ్ళు చేరతాయి, దాన్ని ఆయన ముట్టడు.

గిన్నె అడుగుకు పొయ్యి మీద పెట్టే ముందు తడిమట్టి పూస్తాడు. వంటయ్యాక కడిగితే మసి మట్టితో పాటే పోతుంది, మూటలో దుప్పటికి అంటదు. నీళ్ళ సీసాకు గోనెపట్టా చుట్టి, తడిపి, కొమ్మకు వేలాడదీస్తాడు. పడమటి గాలి ఎంత పొడిగా వీస్తే తడి అంత తొందరగా ఆరుతుంది, ఆరుతూ సీసాలోని వేడిని పట్టుకుపోతుంది. రాత్రి గోనె విప్పి ఆ సీసానే బ్యాటరీ లైటు మీద నిలబెడితే గూట్లో లాంతరు పెట్టినట్టు వెలుగు చుట్టూ పరుచుకుంటుంది.

ఒక్క దోమతెర దగ్గర మాత్రం ఆయన పొదుపు మాట ఒప్పుకోడు. చిరిగితే కొత్తది కొంటాడు. కట్లపాము తిరిగేది రాత్రిపూట, కాటేసేది నేల మీద నిద్రపోయేవాళ్ళను. ఆ కాటుకు పెద్దగా నొప్పి కూడా ఉండదు, అందుకే అది అంత ప్రమాదం. తెర అంచులను పరుపు కిందికి నాలుగువైపులా దోపి, లోపల లైటు వేసి చూసుకుని గానీ తల వాల్చడు. చవకలో గడుపుకోవాలనుకునే వాళ్ళందరికీ నేను ఇదొక్కటి గట్టిగా చెబుతాను. కప్పు పాతదైనా ఫరవాలేదు, తెర మాత్రం కన్నం లేనిది ఉండాలి.

ఆ రాత్రి పదకొండు దాటాక వాయవ్యం మూల మెరిసింది. మామయ్య నన్ను లేపాడు. నా డేరాను ఇంకా గట్టిగా బిగించాలని నేను మేకుల వెంట పరిగెడుతున్నాను. ఆయన జారుముడులు నాలుగూ లాగేశాడు, గడ తీసి పక్కన పడేశాడు, బరకాన్ని పక్కబట్టల మీద బల్లపరుపుగా పరిచి అంచుల మీద మట్టిపెళ్ళలు ఎత్తాడు. అంతా కలిపి రెండు నిమిషాలు. "పద, ఉరుముల్లో చెట్ల మధ్య ఉండకూడదు" అని మోటారు షెడ్డులోకి లాక్కెళ్ళాడు. ఈదురుగాలి పావుగంట కొట్టింది. టపటపా రాలుతున్న కాయల చప్పుడు వింటూ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే నా డేరా కమ్మీ ఒకటి విరిగి గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది. బరకం కింద దుప్పటి పొడిగా ఉంది. నేను డేరాను గాలికి ఎదురు నిలబెట్టాలని చూశాను. ఆయన తన బరకాన్ని పడుకోబెట్టాడు.

తర్వాత ఎమ్మా గేట్‌వుడ్ గురించి చదివినప్పుడు నాకు మామయ్య మూటే కళ్ళకు కట్టింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు పల్లెటూరి మనిషి, 11 మంది బిడ్డల తల్లి. 1955లో, 67 ఏళ్ళ వయసులో, అపలాచియన్ కాలిబాట మొత్తం, 3,300 కిలోమీటర్ల దాకా, ఒంటరిగా నడిచింది. భుజాన తాను కుట్టుకున్న గుడ్డ సంచి, కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు, ఒక దుప్పటి, వానకు స్నానాలగదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర. డేరా లేనే లేదు. ఆమెకంటే ముందు ఇంగ్లాండులో సైకిలు మీద మోసుకుపోయే తేలికపాటి డేరాలకు ఆద్యుడైన థామస్ హైరమ్ హోల్డింగ్ వృత్తికి దర్జీ. 1908లో ఆయన దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఇద్దరూ సూదీ దారం తెలిసినవాళ్ళు. తన చేత్తో కుట్టుకున్నది ఎక్కడ చిరిగినా మళ్ళీ కుట్టుకోవచ్చు. నా కమ్మీ విరిగినప్పుడు నా చేతికి చేయడానికి ఏమీ తోచలేదు.

నూజివీడును 2022లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మార్చారు. కాయలు మాత్రం ఎప్పటిలాగే నున్న మార్కెట్ దారి పడతాయి. మా మామయ్యకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, అయినా కాపలా మానలేదు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు నేను నా డేరా పట్టుకెళ్ళలేదు. బరకం మూలలు నన్నే కట్టమన్నాడు. మూడు కుదిరాయి. నాలుగోదానికి ఆయన వచ్చి, నేను పెట్టిన టెంకను తీసి చూసి, "ఇది పచ్చిది, జారుతుంది" అని తన జేబులోది ఇచ్చాడు.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ముడులు విప్పేసి ఉన్నాయి. బరకం మడతపెట్టి నా తల దగ్గర ఉంది. మామయ్య గడకు చిక్కం కట్టుకుని అప్పటికే రెండో సాలులో ఉన్నాడు, ఆకుల మధ్య గడ పైకి లేచి దిగుతోంది.