బొద్దుగా ఉంటేనే ముద్దా?

మా పిల్లి బుజ్జిగాడు బొద్దుగా ఉన్నాడని ఇంటికొచ్చినవాళ్లంతా మురిసిపోతారు. నేను మాత్రం వాడి పక్కటెముకలు తడిమి చూస్తాను. మెల్లగా నిమిరితే ఎముకలు చేతికి తగలాలి. నొక్కి వెతుక్కోవాల్సి వస్తే ఒళ్లు చేసినట్టే.

అలాగని పస్తు పెట్టకూడదు. లావు పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుంది. వారానికి ఒంటి బరువులో 1 శాతం అటూఇటూ తగ్గితే చాలు. అందుకే ఇప్పుడు తిండి తూచి పెడుతున్నాం. పెరుగన్నం బంద్. గిన్నె పెట్టేముందు తాడుకి ఈక కట్టి ఆడిస్తే, సోఫా కింద నక్కి, నడుము ఊపుతూ గురిచూసి ఒక్క దూకు దూకుతాడు. ముందు వేట, తర్వాతే విందు!

వాడు దారికొచ్చాడు. "పాపం, ఆకలేస్తోందేమో" అని చాటుగా చేపముక్క పడేసే మా అత్తయ్యే ఇంకా రాలేదు.