శుక్రవారం మందు

పిల్లలకు ప్రత్యేకంగా రుమటాలజిస్టులు ఉంటారని మా అమ్మాయికి ఆరేళ్ళు నిండేదాకా నాకు తెలియదు. ఆ మాట వింటే మా అత్తయ్యగారి మోకాళ్ళే గుర్తొచ్చేవి. అమెరికా మొత్తం మీద వీళ్ళు 500 మంది కూడా లేరు. కొన్ని రాష్ట్రాల్లో ఒక్కరు కూడా లేరు. మా పిల్లకు వచ్చింది జువెనైల్ డెర్మటోమయోసైటిస్. ఏడాదికి పది లక్షల మంది పిల్లల్లో ముగ్గురికో నలుగురికో వచ్చే జబ్బు. చాలామంది పిల్లల డాక్టర్లు తమ జీవితంలో ఒక్క కేసు కూడా చూసి ఉండరు.

ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత చర్మం మీద, కండరాల మీద, సన్నటి రక్తనాళాల మీద పడుతుంది. ముందు దెబ్బతినేది తొడలు, భుజాలు. అందుకే పిల్ల స్కూలు బస్సు మెట్లు ఎక్కలేదు, జడ వేస్తుంటే తల నిలపలేదు. బద్ధకం అనుకుంటారు. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పొక్కులు, కనురెప్పల మీద ఊదారంగు వస్తాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఫోటోలన్నీ తెల్లపిల్లలవి. మన పిల్లల ఒంటి మీద ఆ ఊదారంగు నల్లగా కమిలినట్టు కనిపిస్తుంది, అంతే. మొదట చూసిన డాక్టరు ఎగ్జిమా అని క్రీము రాశారు. ఇంకొకాయన రక్తపరీక్షలో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ ఎక్కువున్నాయని లివర్ వైపు వెళ్ళారు. అవి కండరాల్లోంచి కూడా వస్తాయి. ఇలా నాలుగు నెలలు పోయాయి. మా అమ్మ ఫోనులో దిష్టి తీయమంది, తీశాను కూడా.

చివరికి ట్రైనింగులో ఉన్న ఒక డాక్టరమ్మాయి పిల్ల వేళ్ళను కిటికీ వెలుతురులో పెట్టి చూసి, నేల మీద కూర్చుని లేవమంది. పిల్ల ముందు మోకాళ్ళు, తర్వాత తొడలు పట్టుకుని, తన ఒంటి మీద తానే పాక్కుంటూ లేచింది. ఆ అమ్మాయి వెంటనే బయటికి వెళ్ళి ఫోన్లు చేసింది. వారంలో మేం షికాగోలో ఉన్నాం.

మేముండే బ్లూమింగ్టన్ నుంచి షికాగో రెండు గంటల పైన ప్రయాణం. అక్కడి లూరీ పిల్లల ఆసుపత్రిలో ఈ జబ్బుకే ఒక కేంద్రం ఉంది. దశాబ్దాలుగా దీని మీదే పరిశోధన చేసిన డాక్టర్ లారెన్ పాక్‌మన్ పేరు ఈ జబ్బు పిల్లలున్న ఇళ్ళలో అందరికీ తెలుసు. తేడా మందుల్లో కాదు, చూడడంలో ఉందనిపించింది నాకు. గోళ్ళ మొదళ్ళను భూతద్దం లాంటి పరికరంతో చూస్తారు. అక్కడి సన్నటి రక్తనాళాలు ఎన్ని మిగిలాయో, ఎలా వంకర తిరిగాయో చూసి జబ్బు ఎంత చురుగ్గా ఉందో చెబుతారు. తర్వాత ఆటలాంటి పరీక్ష: పడుకుని తల ఎత్తడం, స్టూలు ఎక్కడం, నేల మీద పెన్సిలు తీయడం, ఇలా 14 పనులు, 52 మార్కులు. మా పిల్లకు మొదటిసారి 29 వచ్చాయి. "క్లాసులో ఎవరికెక్కువొచ్చాయి?" అని అడిగింది.

స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో మూడోవంతు మంది చనిపోయేవారు. ఆ వాక్యం చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. ఇప్పుడు స్టెరాయిడ్‌తో పాటు వారానికోసారి మెథోట్రెక్సేట్ సూది. మా ఇంట్లో అది శుక్రవారం రాత్రి, నేనే ఇస్తాను. మందు పసుప్పచ్చగా ఉంటుంది. కొన్నాళ్ళకు ఆ రంగు చూస్తేనే పిల్లకు వాంతి వచ్చేది. అందుకని శుక్రవారం పూట ముద్దపప్పు మానేశాం.

ఈ మందు పుట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం నుంచి. బీయస్సీలో ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతిలో ఫాస్ఫరస్ లెక్కకడుతూ టెస్ట్‌ట్యూబులో నీలం రంగు కోసం ఎదురుచూశాను గాని, ఆయన ఇలా మా ఫ్రిజ్‌లోకి వస్తారనుకోలేదు. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ కనుక్కున్నది ఆయనే. మా పిల్లకు నెలనెలా చేసే సీకే పరీక్ష ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసే ఎంజైముని కొలిచేదే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దాన్ని అడ్డుకునే మందులూ తయారుచేసింది. మా పిల్ల వారానికోసారి ఆ అడ్డుకునే మందు, దాని దుష్ప్రభావాలు తగ్గడానికి రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటుంది. రెండూ ఒకే తెలుగాయన పుణ్యం. ఆయన 1948లో పోయారు.

అయితే ఇంటికొచ్చే మందు వేరు, ఇన్సూరెన్సు వాళ్ళు ఇవ్వనిచ్చే మందు వేరు. స్టెరాయిడ్ తగ్గిస్తే దద్దుర్లు మళ్ళీ రావడంతో డాక్టరు ఐవీఐజీ రాశారు. అది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, సెలైన్‌లా గంటల తరబడి ఎక్కిస్తారు. ఇన్సూరెన్సు కంపెనీ కుదరదంది. ఈ జబ్బుకు 2021లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది పెద్దవాళ్ళకే, పిల్లలకు కాదని వాళ్ళ వాదన. ఇంత అరుదైన జబ్బున్న పిల్లలతో పెద్ద ట్రయల్ జరపడం ఎంత కష్టమో వాళ్ళకు తెలియదా? డాక్టరు వాళ్ళ డాక్టరుతో ఫోనులో వాదించాక, ఆరు వారాలకు ఒప్పుకున్నారు. ఆ ఆరు వారాల్లోనే మావారికి వేరే రాష్ట్రంలో మంచి ఉద్యోగం వచ్చింది. కొత్త ఇన్సూరెన్సులో షికాగో డాక్టర్లు లేరు. ఆయన రాత్రంతా లెక్కలు వేసి, పొద్దున్నే వద్దని మెయిల్ పెట్టేశారు. మేం దాని గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు.

ఎండ తగిలితే జబ్బు రేగుతుంది. వేసవిలో కూడా పూర్తి చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్. మామిడిపళ్ళ కాలంలో ఇండియా ప్రయాణం లేదు. బర్త్‌డే పార్టీల్లో "అబ్బ, బుగ్గలు ఎంత బొద్దుగా ఉన్నాయో!" అంటారు. అది స్టెరాయిడ్ వాపు. ప్రతిసారీ చెప్పలేక నవ్వి ఊరుకుంటాను.

మీ ఇంట్లో పిల్లలెవరైనా మెట్లెక్కడానికి ఇబ్బంది పడుతూ, వేళ్ళ కణుపుల మీద దద్దుర్లతో ఉంటే సీకే, ఆల్డొలేజ్, ఎల్‌డీహెచ్ పరీక్షలు చేయమని అడగండి. సీకే ఒక్కటే మామూలుగా ఉందంటే సరిపోదు, కొందరిలో అది పెరగదు. పిల్లల రుమటాలజిస్టుకి రిఫరల్ అడగండి. మొహమాటపడకండి.

మొన్న పరీక్షలో మా పిల్లకు 47 వచ్చాయి. స్టెరాయిడ్ రోజుకు రెండున్నర మిల్లీగ్రాములకు దిగింది. సూది ఎప్పుడు ఆపుతారని అడిగితే, తొందరపడొద్దన్నారు డాక్టరు. వచ్చే అపాయింట్‌మెంట్ మార్చిలో. 50 దాటితే సైకిలు కొనిపెట్టాలని పిల్ల వాళ్ళ నాన్నతో ఇప్పటికే బేరం కుదుర్చుకుంది.